పికెట్ ఎత్తేసిన రోజు

బుధవారం మధ్యాహ్నం పన్నెండింటికి ఊళ్ళో పోలీసు పికెట్ ఎత్తేశారు.

తిరుపాలమ్మ అప్పుడు పోలీసులు మకాం పెట్టిన బడి వెనక పొయ్యి దగ్గర తెడ్డుతో సంగటి కలుపుతోంది. పైవీధివాళ్ళు ఆమె మొగుణ్ణి నరికిన వారానికి పికెట్ వచ్చింది. కర్మకాండ అయ్యాక ఆ పోలీసులకు వంట ఆమే మొదలుపెట్టింది. ఆరేళ్ళుగా అదే పని. పోయిన నెల ప్రసూన అనే పరిశోధక విద్యార్థిని వచ్చి, పికెట్ వల్ల ఆడవాళ్ళకు భద్రత కలిగిందా అని అడిగింది.

"నిద్ర పడతాంది. పప్పులోకి చింతపండే శానా అడుగుతారు" అంది తిరుపాలమ్మ. ప్రసూన రెండూ రాసుకుంది.

హెడ్ కానిస్టేబుల్ అలీ అహ్మద్ బ్యాగు తగిలించుకుని వచ్చాడు.

"ఆర్డరొచ్చిందక్కా. పోతాండాం."

"సంగటి అయిపోయిందప్పా. తిని పోండి."

"జీపు స్టార్ట్ చేసినారు."

"అయితే మావోణ్ణి ఎక్కించుకొని జమ్మలమడుగులో దింపు."

"డిపార్ట్‌మెంటు బండి. బయటోళ్ళను ఎక్కించకూడదు." చెప్పులు వేసుకుంటూ అన్నాడు. ఆమె వైపు చూడలేదు.

ఆమె కొడుకు లోకేష్ ప్రొద్దుటూరులో బట్టల కొట్టులో పనిచేస్తాడు. పికెట్ ఉందన్న ధైర్యంతోనే నాయన ఆబ్దికానికి వచ్చాడు. తిరిగి పోవాలంటే పైవీధి దాటి బస్సెక్కాలి. చీకటి పడేలోపు పోవాలి.

పికెట్ రాకముందు, పాత రోజుల్లో మగవాడు బయటికి పోతే ఇంటి ఆడమనిషి ముందు నడిచేది. మలుపులో మనుషులు కనిపిస్తే ఆగేది. ఆమె ఆగితే వెనకవాడు వెనక్కి తిరిగేవాడు. ఆడవాళ్ళ జోలికి ఎవరూ రారు. వట్టి చేతులతో నడిస్తే మాత్రం వెనక మగవాడున్నాడని ఊరికి తెలిసిపోతుంది. అందుకని చంకన బిందె, నీళ్ళకు పోతున్నట్టు.

తిరుపాలమ్మ బిందె తీసింది.

"ఎవురన్నా చూస్తే నవ్వుతారుమ్మా" అన్నాడు లోకేష్.

"నవ్వనీ. నవ్వేటోళ్ళు నరకరు."

పైవీధి మలుపులో నాగలత అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తోంది. హత్య కేసు ఆమె మరిది మీదే. లోపల మగవాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి.

"ఏంది తిరుపాలక్కా, బిందెత్తుకొని యాడికి? మీ వాకిట్లో కొళాయి పెట్టి రెండేండ్లాయ గదా."

ఇంటింటికీ కొళాయి వచ్చాక ఈ దారిలో బిందె మోసినవాళ్ళు లేరు. అది తిరుపాలమ్మకు అప్పుడు తట్టింది. ఆగితే లోకేష్ వెనక్కి పోతాడు. ఈ రాత్రి ఊళ్ళోనే ఉండిపోతాడు.

"నీళ్ళు రాలేదు" అంది నడుస్తూనే.

"మాకు వస్తాండాయే." నాగలత ఆమె వెనక దారి వైపు చూసింది. లేచి లోపలికి పోయి తలుపు వేసుకుంది. గొళ్ళెం పడింది. లోపల మాటలు ఆగిపోయాయి.

తిరుపాలమ్మ ఆగలేదు. తలుపు తెరుచుకోలేదు. లోకేష్ ఆ ఇల్లు దాటి వచ్చి బస్సెక్కాడు.

"చేరినాక ఫోన్ చెయ్యి రా."

బస్సు కదిలిన కాసేపటికి పైవీధిలోంచి ఒక మోటారు సైకిలు వచ్చి అదే దారిన పోయింది. ఇద్దరున్నారు. ముఖాలకు తువ్వాళ్ళు కట్టుకున్నారు. ఎండకు కూడా అట్లా కట్టుకుంటారు.

ప్రొద్దుటూరు చేరాల్సిన వేళ దాటింది. ఫోన్ రాలేదు. తిరుపాలమ్మే చేసింది. స్విచ్ఛాఫ్ అని వచ్చింది. దీపాలు పెట్టాక మళ్ళీ చేసింది. స్విచ్ఛాఫ్.

మంచం పక్కన గోడకు లోకేష్ చార్జరు వేలాడుతోంది. స్విచ్ వేసే ఉంది. పోయేముందు ఫోను నిండిందో లేదో ఆమె చూడలేదు.