పొట్టైపోయిన ప్యాంటు

బతికున్న మా పెద్దమ్మ చనిపోయిందని కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ఆరేళ్లయింది. ఈ మాట ఇంతవరకూ నా నోట రాలేదు.

పెద్దమ్మ పేరు ఒడెస్సా. అలబామాలో ఎర్రమట్టి దారి చివర రెండు గదుల ఇల్లు. పగలు తెల్లవాళ్ల బట్టలు ఉతికి ఇస్త్రీ చేసేది. సాయంత్రం వాకిట్లో కూర్చుని, కూలిన కొట్టాల రేకుల మీద బొమ్మలు వేసేది. వాగు మట్టిలో చెరుకు పాకం కలిపి వేళ్లతో పూసేది. పాకం పడితే మట్టి రేకుని వదలదు. ఇది ఆమెకి ఎవరూ నేర్పలేదు.

కొడుకు లూషస్ ఆరో ఏట వాగులో పోయాడు. పాతిపెట్టి వచ్చిన రోజే వాణ్ణి రేకు మీద వేసింది. చెప్పుల్లేని కాళ్లు, బట్టల నీలిమందుతో నీలం ప్యాంటు. ఏడాది తిరిగేసరికి రేకు మీద వాడు పెరిగాడు, ప్యాంటు చీలమండల పైకి ఎక్కింది. పెద్దమ్మ గొణుక్కుంటూ ఇంకో వేలెడు నీలం పూసింది. ఇక ప్రతి పుట్టినరోజుకీ అదే పని. ఆదివారం చర్చి నుంచి వస్తూ పక్కింటి హోసియా మామ ఆగి రేకుని ఎగాదిగా చూసేవాడు.

"వీడికి తిండి ఎక్కువ పెడుతున్నావు ఒడెస్సా."

"నా మొక్కజొన్న రొట్టెల మీద నువ్వు పడకపోతే ఇంకా పెడదును," అనేది పెద్దమ్మ.

అమ్మ లేని నన్ను పెంచింది ఆమే. లూషస్ కంటే ఏడేళ్లు పెద్దదాన్ని. ప్యాంటుకి నీలం కలిపి ఇచ్చేది నేనే. కానీ నాకు ఆ దారి, ఆ ఇస్త్రీ వాసన, ఆ రేకులు, ఏవీ పడేవి కావు. ఎలాగైనా బయటపడాలి.

నా పద్దెనిమిదో ఏట పట్నంలోని మ్యూజియం కోసం బొమ్మలు సేకరించే ప్రూవిట్ గారు కారులో వచ్చారు. కోళ్లు, కుర్చీలు ఉన్న రేకులు పెద్దమ్మ ఇచ్చేసింది. ఆయన చూపు మాత్రం లూషస్ మీదే. వాడు అమ్మకానికి లేడు, కావాలంటే భోంచేసి వెళ్లమంది. ఆయన నన్ను కారు దగ్గరికి పిలిచారు. వేసినవాళ్లు పోతే వారసులు సంతకం పెట్టొచ్చట. మ్యూజియం వాళ్లెవరూ ఇంత దూరం వచ్చి చూడరట. అక్కడ ఒక ఉద్యోగం కూడా ఖాళీగా ఉందట. కాగితం మీద సంతకం పెట్టి, పెద్దమ్మ పనికి వెళ్లినప్పుడు రేకుని కారెక్కించాను. ఆ వారమే గాలివాన వచ్చింది. గాలి ఎత్తుకుపోయిందని చెప్పాను.

ఆమె బొమ్మల మట్టి ఉన్న గిన్నె పట్టుకుని, రేకుని వెతుకుతూ పొలాల వెంట తిరిగింది. నేను పట్నం బస్సెక్కాను.

నా ఉద్యోగం, లూషస్ ఉన్న గదిలో కుర్చీలో కూర్చుని ఎవరూ ముట్టుకోకుండా చూడటం. పక్కన పలక మీద పెద్దమ్మ పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు. వాడు పెరుగుతూనే ఉన్నాడు. ఏటా వసంతంలో మరమ్మతువాళ్లు పాత ఫోటో ముందు పెట్టుకుని, తడి దూదితో తుడిచి మళ్లీ పదకొండేళ్లవాణ్ణి చేస్తారు. ఫోటోలో ఉన్నట్టే ఉందని ప్యాంటు మాత్రం ముట్టుకోరు. కొన్నాళ్లకే వాడు మళ్లీ తన అసలు వయసుకి వచ్చేస్తాడు.

ఈసారి పాకానికి చీమలు కూడా పట్టాయి. మా పైఅధికారి వెల్డన్ గారు, కుళాయి కారుతోందన్నట్టు చెప్పారు.

"వీడు మళ్లీ పెరిగాడు వెర్లీన్. మ్యూజియం పుస్తకంలో ఫోటోకి సరిపోవడం లేదు. సోమవారం గాజులాంటి జిగురు పోసి మూసేస్తారు. ఇక పెరగడు."

"మూయకుండా ఆపే దారి లేదా అండీ?"

"వేసినావిడ ఉంటే అడిగేవాళ్లం. ఆవిడ పోయిందిగా, పాపం."

నేను తల ఊపాను.

పోయిన వారం వాడి పుట్టినరోజు. ఎప్పట్లాగే పెద్దమ్మ ఫోన్ చేసింది. పట్నంలో పదిహేడేళ్ల కుర్రాళ్లు ఎంత ఎత్తుంటారని అడిగింది. ఎందుకన్నాను.

"ఏ పొలంలోనో పడి ఉంటాడే. ప్యాంటు మోకాళ్లకి ఎక్కి ఉంటుంది. వయసొచ్చిన పిల్లాడు, సిగ్గుపడుతుంటాడు. దొరకగానే పూద్దామని నీలం కలిపి పెట్టుకున్నా."

సరిగా వినబడటం లేదని పెట్టేశాను.

ఇవాళ శుక్రవారం. మధ్యాహ్నం బడిపిల్లలు వచ్చారు. ఒకడు ఆ ప్యాంటు బొమ్మలోవాడి చెల్లిది కాబోలన్నాడు, అందరూ నవ్వారు. వాళ్లు వెళ్లాక చూశాను. ఇన్నేళ్లూ నిటారుగా నిలబడ్డవాడు నడుం వంచి ఉన్నాడు. రెండు చేతులతో ప్యాంటు అంచులు పట్టుకుని కిందికి లాక్కుంటున్నాడు.

పనివాళ్ల గదిలోకి వచ్చి ఇది రాస్తున్నాను. ఉద్యోగం పోతుంది. పెద్దమ్మ నన్ను మళ్లీ గడప తొక్కనివ్వకపోవచ్చు, తొక్కనివ్వనూ కూడదు. ఈపాటికి ఇస్త్రీ ముగించుకుని ఇంటికి వచ్చి ఉంటుంది. గోడకి ఫోనుంది. పోయినావిడ నంబరు నాకు కంఠతా వచ్చు.

చేస్తాను. ముందు వాడి ఎత్తు చెబుతాను. మిగతాది ఆ తర్వాత.