దొరసాని చూసిన వైపు

మా అత్తగారికి రెండు చెవులూ మందమే. వినికిడి మిషను మాత్రం కుడిచెవికే పెట్టుకుంటారు. దాంతో మాట వినిపిస్తుంది గానీ ఎటు నుంచి వచ్చిందో తెలియదు. మొన్న రోడ్డు దాటుతుంటే ఎడమవైపు నుంచి ఒక బండి హారన్ కొట్టింది. ఆవిడ కుడివైపు చూసి, నిక్షేపంగా ఎడమకి జరిగారు. బండివాడు కిందపడ్డాడు, ఆవిడ మోచెయ్యి గీరుకుపోయింది. ఆ సాయంత్రమే మా ఆయన తీర్మానించేశారు. రెండో మిషనైనా పెట్టుకోవాలి, లేదా ఒంటరిగా గడప దాటకూడదు.

గడప దాటకపోతే ఆవిడ బట్టలు కుట్టే షాపు మూతపడ్డట్టే. ఆ షాపంటే ఆవిడకు ప్రాణం. అయినా రెండో మిషను మాటెత్తితే చాలు, ఇంతెత్తున లేస్తారు.

"ఒకటి పెట్టుకుంటే చెవి పోయిందంటారు. రెండు పెట్టుకుంటే మనిషే పోయిందంటారు. నాకొద్దు!"

నాకసలే ఓపిక తక్కువ. "మా పిల్లికున్న పాటి వినికిడి కూడా మీకు లేదత్తయ్యా," అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. అప్పటికే ఆవిడకు పౌరుషం వచ్చేసింది.

"అయితే ఆ పిల్లికి పెట్టే పరీక్షేదో నాకూ పెట్టవే. నెగ్గితే మీ మొగుడూపెళ్లాలు నా జోలికి రాకూడదు."

పిల్లి అంటే ఇంట్లో పిల్లి కాదు. శబ్దం ఎటు నుంచి వచ్చిందో చెవులు ఎలా పసిగడతాయని పరిశోధించే చోట నేను జంతువులకు శిక్షణ ఇస్తాను. అక్కడ దొరసాని అనే బూడిదరంగు పిల్లి ఉంది. పేరుకు తగ్గ టెక్కు దానిది. దాని కుర్చీ ముందు అర్ధచంద్రాకారంలో నల్లగుడ్డ కట్టి ఉంటుంది, గుడ్డ వెనక స్పీకర్లు. ఏదో ఒకటి టప్పుమంటుంది. దొరసాని చూపు అటు తిరగాలి. దాని కనుపాపలు ఎటు కదిలాయో ఎదురుగా ఉన్న కెమెరా పట్టేస్తుంది. సరిగ్గా చూస్తే గొట్టంలోంచి చెంచాడు చేపముద్ద వస్తుంది. తప్పితే ఏమీ రాదు, అలక మాత్రం నా మీద.

సంగతి చెబితే అక్కడి మా సారు నవ్వుతూ ఒప్పుకున్నారు. సెలవు రోజున అత్తగారిని తీసుకెళ్లి ఆ కుర్చీలో కూర్చోబెట్టి, కెమెరాను ఆవిడ మొహానికి సరిచేశాను. తన సింహాసనం కబ్జా అయినందుకు దొరసానికి ఒళ్లు మండింది. కాసేపు గుర్రుమని, చివరికి ఆవిడ ఒళ్లోనే సర్దుకుంది. నేను దించబోతే ఆవిడ దించనివ్వలేదు.

"ఉండనీవే పాపం. దాని చోటు నేనే లాక్కున్నానుగా."

శబ్దం ఎటు వినిపిస్తే అటు వేలు చూపించమని చెప్పి, నేనూ సారూ పక్కగదిలో తెర ముందు కూర్చున్నాం. టప్. వేలు ఎడమకి. సరే. టప్. వేలు కుడి చివరికి. అదీ సరే. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు! సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఒక్క మిషనుతో ఇది కుదరదమ్మా. ఏదో మతలబు ఉంది."

అత్తగారు బయటికొచ్చి, "ఏమే, నోరు పెగలట్లేదా?" అన్నారు. మీసాలుంటే మెలేసేవారే.

ఓడిపోయినా సహిస్తాను గానీ, ఎలా ఓడిపోయానో తెలియకపోతే నాకు అన్నం సహించదు. రికార్డయినదాన్ని నెమ్మదిగా తిప్పి చూశాను. గుట్టు దొరికింది. శబ్దం వచ్చిన ప్రతిసారీ వేలు లేవకముందే అత్తగారి చూపు గబుక్కున ఒళ్లోకి దిగుతోంది. దొరసాని ఎటు చూస్తే అటు లేస్తోంది. దాని వెనకే వేలు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. మా అత్తగారు కళ్లు బార్లా తెరుచుకునే తాగేశారు.

ఆవిడను పిలిచి చూపించాను. పొట్ట పట్టుకుని నవ్వాం, ఆవిడతో సహా.

"పట్టేశావుటే దొంగమొహమా! పోనీ దీన్నే నాకిచ్చెయ్. చంకలో పెట్టుకుని రోడ్డు దాటతా."

"పిల్లిని చంకన పెట్టుకుని పెళ్లికెళ్లినట్టుంటుందత్తయ్యా."

ఆవిడ మళ్లీ వేయమన్నారు. మళ్లీ చూశారు. ఈసారి నవ్వలేదు.

"ప్రతిసారీ దాన్నే అడుగుతున్నానేమే," అన్నారు మెల్లగా. "ఒక్కసారైనా నా అంతట నేను చూడలేదు."

నా నవ్వు ఆగిపోయింది. రోజూ పోట్లాడుకునే ఈ మనిషంటే నాకెంత ప్రేమో ఆ క్షణంలో తెలిసొచ్చింది. చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నారు.

"చాల్లే. గెలిచింది అది కదా, దానికి చేపముద్ద పెట్టు. నాకా రెండో మిషనేదో పెట్టించు."

పెట్టించాం. మొదట్లో ఇంట్లో అందరికీ చీవాట్లే. గిన్నెలు మోగుతున్నాయని నాకు, గురక మోగుతోందని మా ఆయనకు. కాస్త అలవాటు పడ్డాక ఒకరోజు పొద్దున్నే షాపు తాళాలు తీసుకుని బయల్దేరారు. తోడు వెళ్లమని మా ఆయన నాకు సైగ చేశారు.

రోడ్డు అంచున దిగి నిలబడ్డాం. నా వృత్తి అలాంటిది, నేను రోడ్డు వదిలేసి ఆవిడ కళ్లనే చూస్తున్నాను. ఎక్కడో హారన్ మోగింది. ఆవిడ కళ్లు ఎవరినీ అడగలేదు. సూటిగా ఎడమకి వెళ్లాయి. నాకు ఆనందంతో కేక వేయాలనిపించింది. అంతలో ఆవిడ నా రెక్క పట్టుకుని ఒక్క లాగు లాగితే గట్టు మీద కూలబడ్డాను. నేను నిలబడ్డ చోటు మీదుగా బండి దూసుకుపోయింది.

"ఎటు చూస్తున్నావే? నా మొహంలో బండ్లు తిరుగుతున్నాయా?" అని తిట్టి, నన్నక్కడే వదిలేసి, అటూ ఇటూ చూసుకుని ఆవిడ రోడ్డు దాటి వెళ్లిపోయారు.