రిజిస్టరులో మిగిలిన పేరు

గవరపాలెంలో త్రినాధరావు లేతు షాపు తలుపులు తీసి దీపం పెడుతూ ఉండగానే కానిస్టేబులు వచ్చాడు. 2008 జనవరి అది, గానుగాట ముమ్మరంగా సాగుతున్న రోజులు. కానిస్టేబులు నెమ్మదస్తుడే. కూర్చోమంటే కూర్చున్నాడు, టీ తెప్పిస్తే తాగాడు. ఆ తరవాత జేబులోంచి ఒక ఇత్తడి రేకు తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద పేటెంటు నంబరు, కింద త్రినాధరావు పేరు, ఊరి పేరు చెక్కి ఉన్నాయి. రేకు అంచున ఏదో ఎండి నల్లబడింది.

రావికమతం అవతల ఒక బెల్లం పాకలో మోదకొండమ్మ అనే ఆమె గానుగకి చెరకు పెడుతుంటే కుడిచెయ్యి మోచేతి దాకా రోలర్లలోకి పోయిందట. ప్రాణం దక్కింది గానీ చెయ్యి తీసేశారు. చెయ్యి పడితే దానంతటదే ఆగిపోతుందని చెప్పి అమ్మిన గానుగ అది. ఎవరు చేసిందని అడిగితే పాక యజమాని ఈ రేకు ఊడదీసి ఇచ్చాడు. పిలిచినప్పుడు స్టేషనుకి రావాలనీ, ఊరు దాటితే తెలియజేయాలనీ చెప్పి కానిస్టేబులు లేచాడు.

అతను సందు మలుపు తిరిగేదాకా త్రినాధరావు కదల్లేదు. ఆ రోజు లేతు ఆన్ చెయ్యనేలేదు.

గానుగని అలా ఆపడానికి దాని నోటికి అడ్డంగా ఊగే బద్ద ఆయన సృష్టే. చెయ్యి లోపలికి లాగబడితే మోచెయ్యి బద్దని నెడుతుంది, బద్ద ఒక పిన్నుని లాగుతుంది, పిన్ను ఇంజను బెల్టుని తప్పిస్తుంది, రోలర్లు ఆగిపోతాయి. అంతా ఆ పిన్ను మీదే ఉంది. అది ఉక్కుది కావాలి. పోత ఇనుముదైతే ఆ ఊపుకి విరిగిపోతుంది, బద్ద ఊరికే ఊగుతుంది, గానుగ తిరుగుతూనే ఉంటుంది. చెన్నై పేటెంటు ఆఫీసు చుట్టూ ఏళ్ల తరబడి తిరిగితే 2005లో పేటెంటు చేతికొచ్చింది. కానీ ఒక్క లేతుతో ఆయన ఎన్ని గానుగలకి బిగించగలడు? గాజువాకలో ఫౌండ్రీ ఉన్న జగదీశ్వరరావు వచ్చి, పేటెంటు తనకి రాసిస్తే ప్రతి గానుగకీ బిగించి అమ్ముతానన్నాడు. ఆ మాట నచ్చి మరుసటి ఏడు స్టాంపు కాగితాల మీద రాసిచ్చేశాడు. బదిలీ సంగతి చెన్నైలో నమోదు చేయించే పని తామే చూసుకుంటామని జగదీశ్వరరావు అన్నాడు. త్రినాధరావు మళ్లీ అడగలేదు.

గానుగ ఆగలేదంటే పిన్ను ఉక్కుది కాదన్నమాట. ఆ మధ్యాహ్నమే గాజువాక వెళ్లాడు. జగదీశ్వరరావు ఎప్పటిలాగే మర్యాదగా కుర్చీ చూపించాడు. పిన్ను ఎవరు మార్చారని అడిగితే విననట్టే ఫ్యాను వేగం పెంచాడు.

"మేస్త్రిగారూ, మేం మీ పేటెంటుకి గానుగలు పోతపోసేవాళ్లం, అంతే. ఓనరు మీరు. చెన్నై రిజిస్టరులో చూసుకోండి, ఎవరి పేరుందో."

"మీకు రాసిచ్చేను గదండీ."

"నమోదు కాలేదుగా," అన్నాడు జగదీశ్వరరావు. "పోలీసుల దగ్గర ఆ కాగితం ఊసెత్తకండి. మీకే మంచిది."

గొంతు పెంచలేదు. గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు కూడా. బస్సులో కూర్చున్నాక త్రినాధరావుకి చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉందని తెలిసింది.

మర్నాటి నుంచి మరో భయం మొదలైంది. షాపుకి ఎదురుగా టీ బడ్డీ దగ్గర ఒక మనిషి నిలబడుతున్నాడు. సన్నగా, నల్లగా, భుజాన తువ్వాలుతో. టీ తాగడు, ఎవరితోనూ మాట్లాడడు. షాపు వైపే చూస్తూ నిలబడి, ఎండ తగ్గాక వెళ్లిపోతాడు. ఎవరని బడ్డీవాణ్ణి అడిగితే, గొలుగొండ పైన కొండవాలు ఊరట, చెయ్యి పోయిన మోదకొండమ్మ మొగుడట, అప్పలరమణ అట అని చెప్పాడు.

త్రినాధరావు వెల్డింగు అద్దాలు పెట్టుకున్నప్పుడల్లా వెనక ఎవరో వచ్చి నిలుచున్నట్టే అనిపించేది. ఆ మనిషి తువ్వాలు కింద ఏముందో అని చూసేవాడు. వెనక తలుపున రావడం, వెనక తలుపునే పోవడం అలవాటైంది. అన్నం సహించడం మానేసింది. భార్య నూకరత్నం చూసి చూసి ఒకరోజు కంచం ముందు కూర్చోబెట్టి అంతా చెప్పించింది.

"రాసిచ్చిన కాయితం మన కాడ లేదేటి?" అని అడిగింది.

ఉంది. రెండు ప్రతులు రాసుకున్నారు, రెండింటి మీదా ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. ఆ కాగితం పట్టుకుని విశాఖపట్నంలో లక్ష్మీకుమారి అనే లాయరు దగ్గరికి వెళ్లాడు. ఆమె నింపాదిగా రెండుసార్లు చదివింది. నమోదు చేయించమని కొన్నవాళ్లే అడగాలని లేదనీ, రాసిచ్చినవాడు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చనీ చెప్పింది. ఈ వారమే పెడితే రిజిస్టరులో ఆయన పేరు పోయి జగదీశ్వరరావు పేరు ఎక్కుతుంది. త్రినాధరావుకి ఆ మాటతో గుండెల మీంచి బండ దించినట్టయింది. సంతకం ఎక్కడ పెట్టాలని అడిగాడు.

ఆమె పెన్ను ఇవ్వలేదు.

"ఇందులో మీరే ఒక షరతు రాయించారు. పిన్ను ఉక్కుది తప్ప వేరేది వాడితే బదిలీ రద్దు చేసే హక్కు మీదని. వాళ్లు పోత ఇనుము వాడారని రుజువైతే మీరు రద్దు చెయ్యచ్చు. అప్పుడు పేటెంటు మీదే, ఆ గానుగలు అమ్మొద్దని ఆపించచ్చు. కానీ ఓనర్ని నేనే అని మీ నోటితో మీరే చెప్పాలి. పోలీసులకి కూడా."

"నమోదు సేయించేత్తే?"

"మీరు తప్పుకుంటారు. ఇక ఆపమనే హక్కు మీకుండదు."

ఆలోచించుకుని వస్తానన్నాడు. అప్పటికే మనసులో నిర్ణయం అయిపోయింది: నమోదు చేయించేయడమే. జైలుకి పోవడం ఆయన వల్ల కాదు. సోమవారం వెళ్లి సంతకం పెట్టేసి వస్తానని నూకరత్నంతో చెప్పాడు.

ఆదివారం షాపు మూసి ఉంది. త్రినాధరావు లోపల పనిముట్లు సర్దుకుంటున్నాడు. వెనక తలుపు చప్పుడైంది. నూకరత్నం అనుకుని తిరిగి చూస్తే అప్పలరమణ. గడపకి అవతలే నిలబడ్డాడు. త్రినాధరావు చెయ్యి తనకి తెలియకుండానే సుత్తి మీదకి పోయింది. వెనక్కి జరగబోతే లేతు నడుముకి తగిలింది. ఇక వెళ్లడానికి చోటు లేదు.

అప్పలరమణ ఆ సుత్తిని చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు.

"కొట్టకు బాబూ," అన్నాడు. "రోజూ వత్తన్నాను. మాటాడ్డానికి బయ్యమేసి తిరిగెల్లిపోతన్నాను."

త్రినాధరావు సుత్తి కింద పెట్టాడు.

"మా మరదలు ఇంకో పాకలో సెరకెడతంది. అదీ ఇలాటి గానుగే, అలాటి రేకే ఉంది. పనొగ్గీమంటే ఇనదు, ఆగిపోద్దని నమ్ముతంది. నా మాట పాకోలు ఇనరు. రేకు మీద నీ పేరుంది గదా. నువ్వు సెబితే ఆపుతారా, ఆపరా?"

అది అడగడానికే ఇన్నాళ్లూ ఎండలో నిలబడ్డాడు. పెళ్లాం చెయ్యి గురించి ఒక్క మాట అనలేదు. అన్నా త్రినాధరావు తట్టుకునేవాడేమో గానీ, అనకపోవడం తట్టుకోలేకపోయాడు. సంచిలో స్పానర్లు వేసుకుని, రాక్‌లో ఉన్న ఉక్కు పిన్నులన్నీ వేసుకుని, అతన్ని స్కూటరు వెనక ఎక్కించుకున్నాడు.

పాకలో గానుగ తిరుగుతోంది. పెనం మీద రసం ఉడుకుతోంది. మరదలు వంగి చెరకు గెడలు తోస్తోంది. ఆమె వేళ్లకీ రోలర్లకీ మధ్య జానెడు లేదు. త్రినాధరావు పరుగున వెళ్లి ఇంజను ఆపేశాడు. పాక యజమాని నువ్వెవరని కేకలేశాడు.

"ఈ రేకు మీద పేరు నాది," అన్నాడు త్రినాధరావు.

పిన్ను విప్పి బండ మీద పెట్టి సుత్తితో ఒక్కటి వేస్తే సుద్దముక్కలా రెండయింది. అక్కడున్నవాళ్లంతా చూశారు. త్రినాధరావు దాని చోట ఉక్కు పిన్ను బిగించాడు. చెరకు తోసే ఆమె తన చేతుల్ని చీర కుచ్చిళ్లలో దాచుకుని దూరంగా వెళ్లి కూర్చుంది.

సోమవారం విశాఖ వెళ్లాడు గానీ నమోదుకి కాదు. జగదీశ్వరరావుకి రద్దు నోటీసు పంపించాడు. అట్నుంచి తిరిగొస్తూ విరిగిన పిన్నుతో స్టేషనుకి వెళ్లి, పేటెంటు తనదేనని రాసిచ్చాడు. అనుకున్నట్టే కేసులో ఫౌండ్రీతో పాటు ఆయన పేరు కూడా చేర్చారు. అమ్మకాలు ఆగిపోతాయనేసరికి జగదీశ్వరరావుకి ఆ కాగితం గుర్తొచ్చింది. తన ప్రతి పట్టుకుని నమోదు కోసం చెన్నైలో దరఖాస్తు పడేశాడు. ఇద్దర్నీ పిలిచి విన్న అధికారి, బదిలీ చెల్లుతుందా లేదా అన్నది కోర్టు తేల్చేదాకా ఏదీ ఎక్కించనని చెప్పాడు. జగదీశ్వరరావు ఆ కోర్టుకి వెళ్లనే లేదు. వెళితే పిన్నుల సంగతి బయటికి లాగుతారని ఆయనకీ తెలుసు.

త్రినాధరావు మాత్రం రెండు గానుగాటలు కోర్టు వరండాల్లోనే గడిపాడు. పేరు పిలిచిన ప్రతిసారీ ఇవాళ ఇంటికి తిరిగి వెళ్లనేమో అనుకునేవాడు. చివరికి కేసులోంచి ఆయన పేరు తీసేశారు, ఫౌండ్రీ మీద కేసు నిలిచింది. అంతకు ముందు మోదకొండమ్మ సాక్ష్యం చెప్పడానికి వచ్చినప్పుడు ఆయన తలెత్తలేకపోయాడు. ఆమె వచ్చి పక్కన బల్ల మీద కూర్చుంది. తన చెల్లెలికి పాకలో ఈ ఏడు కూడా పని దొరికిందనీ, బద్దని ముందు మోచేత్తో నెట్టి చూసుకుని గానీ గెడ పెట్టడం లేదనీ చెప్పింది. లోపల్నుంచి పిలుపు రావడంతో ఎడంచేత్తో కొంగు సర్దుకుని లేచి వెళ్లింది.