థర్స్టన్ భార్యల మధ్య చోటు

ఆదివారం పొద్దున్న చర్చి గంట ఆరు కొట్టేసరికి ఇడోనీ చిల్లుపడ్డ బూట్లలో గడ్డి కూరుతోంది. బయట వాన. రెండేళ్లుగా పంట చేలోనే కుళ్లిపోతోంది.

"ఇవాళ మూడో చాటింపు, ఎల్లుండి పెళ్లి. కాస్త నవ్వుముఖం పెట్టవే," అన్నాడు తండ్రి హామో.

"నవ్వితే పళ్లు కనపడతాయి నాన్నా. ఎక్కువ తింటానని థర్స్టన్ భయపడతాడు."

ఊరికి పిండి విసిరే గాలిమర థర్స్టన్‌ది. అతనికి యాభై దాటాయి, ఇడోనీకి పద్నాలుగు. అతని భార్యలిద్దరూ తొలికాన్పులోనే పోయారు. ఆ ఇంట్లో కూతురికి రొట్టె దొరుకుతుందని హామో ఆశ. మూడో సమాధి తనదేనని ఇడోనీ భయం. కానీ ఇంట్లో తిండికి ఉడుకుతున్నది ఒట్టి దురదగొండి ఆకు. కాదనలేకపోయింది.

పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ఫాదర్ జంట పేర్లు చదివి, అభ్యంతరాలు అడుగుతాడు. ఆ ఊళ్లో చచ్చిపోయినవాళ్లూ వచ్చి వింటారు. ఉత్తరపు గోడ వెంట కుటుంబాలవారీగా నిలబడతారు. మాట్లాడరు. వాళ్ల కాళ్ల మట్టి కడగలేక చర్చి ఊడ్చే ముసలమ్మ సణుగుతుంది.

గడిచిన రెండు వారాలూ థర్స్టన్ భార్యలు భుజాలు ఆనించి నిలబడ్డారు. ఈవేళ పేర్లు చదవగానే చెరోవైపు జరిగారు.

"చోటు చేస్తున్నారు," అంది వెనక ఒకావిడ.

"ఈ పుల్లకి అంత చోటెందుకే?" అంది పక్కావిడ.

థర్స్టన్ అటు చూసి తలూపాడు. "మా ఆడవాళ్లు మర్యాదస్తులు, హామో."

హామో టోపీ నలుపుకుంటూ ముందుకొచ్చాడు. "అభ్యంతరం ఉంది, ఫాదర్."

"ఎవరికి?"

"నాకే. పిల్లనివ్వను."

"మరి తిండి?" అన్నాడు థర్స్టన్ నెమ్మదిగా.

హామో టోపీ పెట్టుకుని కూతురి చెయ్యి పట్టుకున్నాడు. మర్నాడు ఇడోనీని వానలో నడిపించుకుంటూ వెళ్లి, సన్యాసినుల మఠంలో బట్టలుతికే పనికి అప్పగించాడు. అక్కడ పూటకో రొట్టెముక్క ఇస్తారు. సెలవులు లేవు.

పదిరోజుల తర్వాత మఠానికి గుడ్లు తెచ్చే మనిషి కబురు చెప్పింది. పెళ్లనుకున్న వారంలోనే, గురువారం మర రెక్క తగిలి థర్స్టన్ పోయాడు. ఆదివారం చర్చిలో భార్యల మధ్య నిలబడ్డాడు, పిండి బట్టలతోనే. ఆ చోట్లో సరిగ్గా పట్టాడు. భార్యాబిడ్డలు లేరు గనక మర, గాదె నిండా ఉన్న ధాన్యం జమీందారు పట్టుకెళ్లాడు. విధవ ఉండుంటే అందులో మూడోవంతు ఆమెదయ్యేది.