పసుపు కోటు

ఆ ఉదయం ఆకాశం తడిసిన సిమెంటు బస్తాలా ఉంది. వాన పడేదీ కాదు, ఎండ కాసేదీ కాదు. ఎదురు మేడ మీద ఎవరో దుప్పట్లు ఆరేసి, ఎందుకైనా మంచిదని తీసేసి, మళ్ళీ ఆరేశారు. వడ్రంగి ఆ దుప్పట్లనే చూస్తూ టీ తాగాడు. టీ చల్లారిపోయి ఉందన్న సంగతి గ్లాసు కింద పెట్టాక తెలిసింది.

దుకాణానికి సెలవు. సెలవు రోజు తమ్ముడి గదిలోకి వెళ్ళి, తమ్ముడి కుర్చీలో కూర్చుని, తమ్ముడి కంప్యూటరు పెట్టడం అలవాటైపోయింది. కుర్చీ ఎత్తు మార్చలేదు. తమ్ముడు పొట్టి. కూర్చున్న ప్రతిసారీ వడ్రంగి మోకాళ్ళు బల్లకి తగులుతాయి.

తమ్ముడు లిఫ్టులు బాగుచేసేవాడు. పోయిన వానల్లో జ్వరమని ఆస్పత్రిలో చేరాడు. మామూలు జ్వరమే అన్నారు. తర్వాత మామూలు జ్వరం కాదన్నారు. ఆ తర్వాత ఏమీ అనలేదు. వడ్రంగి ఏడవలేదు. గుండె రాయి చేసుకున్నాడని చుట్టుపక్కలవాళ్ళు చెప్పుకున్నారు. రాయి చేసుకోవడానికి అతనేమీ చేయలేదు. పొద్దున లేచేసరికి అలా ఉంది, అంతే.

ఇంట్లో ఇప్పుడు అతనూ, తమ్ముడి భార్యా ఉంటారు. ఆమె హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేస్తుంది. "తిన్నారా బావగారూ?" అని ఆమె అడుగుతుంది. "తిన్నానమ్మా," అని అతనంటాడు. తినకపోయినా అదే మాట. ఆమె ఆ గది గడప దాటి లోపలికి రాదు.

అంతా అయిపోయిన కొన్నాళ్ళకి, కంప్యూటరు ఎవరికైనా ఇచ్చేద్దామని దుమ్ము తుడుస్తుంటే చెయ్యి తగిలి అది వెలిగింది. తెర మూల అక్షరాలు కనిపించాయి. "తుమ్మూ, ఎక్కడ చచ్చావురా? ఇలాగే కనపడకపోతే ఇంటి మీద నీ హక్కు పోతుంది. ఒక్కసారి లోపలికొచ్చి పో."

అదొక ఆట. చచ్చినవాళ్ళు లేచి వీధుల్లో తిరిగే ఊరు. ఎక్కడెక్కడివాళ్ళో ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, ఆ ఊళ్ళో మాత్రం కలిసి బతకాలి. ఒక ఇల్లు పట్టుకోవాలి, తలుపులు బిగించుకోవాలి, కొట్లలో మిగిలిన డబ్బాల తిండి వెతుక్కోవాలి, వాననీళ్ళు పీపాల్లో పట్టుకోవాలి. ఇంటివాడు చాలాకాలం ఆటలోకి రాకపోతే ఆ ఇంట్లోకి ఎవరైనా దూరొచ్చు. తమ్ముడు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అద్దె గదుల్లోనే ఉన్నాడు. వడ్రంగి మీట నొక్కాడు. పసుపు కోటు తొడుక్కున్న మనిషి మంచం మీంచి లేచి నిలబడ్డాడు. నెత్తి మీద 'తుమ్ము' అని పేరు. పక్కన ఆకలి బొమ్మ ఎర్రగా వెలుగుతోంది. ఏది నొక్కాలో తడుముకుని తడుముకుని అతని చేత ఒక డబ్బా తినిపించాడు. బొమ్మ ఆరిపోయింది. ఆ పూట వడ్రంగికి కూడా ఆకలేసింది. చాలా రోజుల తర్వాత.

ఆ ఆటలో చావు ఒక్కసారే. పోయిన మనిషి మళ్ళీ దొరకడు. కొత్త మనిషిని చేసుకుని మొదటికి రావాల్సిందే. అందుకని పసుపు కోటు మనిషికి వేళకి తిండి పెట్టడం, నీళ్ళు తాగించడం, పడుకోబెట్టడం, ఎవరి కంటా పడకుండా చూసుకోవడం వడ్రంగికి పనైంది. కంటికి రెప్పలా చూసుకున్నాడని అనొచ్చు. అతనైతే అలా అనుకోలేదు. రంపానికి పదును పెట్టుకున్నట్టే, పొద్దున్నే చేసే ఒక పని.

మనిషిని తయారుచేసుకునేటప్పుడు బలాలు కావాలంటే కొన్ని లోపాలు కూడా మోయాలి. తమ్ముడు ఎంచుకున్న లోపాలు రెండు. జలుబు మనిషి, ఆకలికి ఆగలేడు. రెండూ నిజమే. దుమ్ము పడితే చాలు, తమ్ముడు ఇల్లు ఎగిరిపోయేలా తుమ్మేవాడు. ఆటలో తుమ్మితే ఆ చప్పుడుకి శవాలు వస్తాయి. పేరు అలాగే పడింది. వృత్తి అన్నచోట మాత్రం వడ్రంగి అని పెట్టుకున్నాడు. బతికినన్నాళ్ళూ ఒక్క మేకు తిన్నగా కొట్టినవాడు కాదు. ఆ మాట చూసినప్పుడు వడ్రంగికి ఏమీ అనిపించలేదు. ఏమీ అనిపించడం లేదని మాత్రం అనిపించింది.

ఆ ఇంట్లో ఇంకో ఇద్దరుంటారు. చెవులకి తగిలించుకుంటే వాళ్ళ గొంతులు వినిపిస్తాయి. ఒకాయన లారీ మామ. బయట కూడా లారీ డ్రైవరే, శవాలను చుట్టాలంటాడు. రెండో ఆమె గుడ్లగూబ. పళ్ళ డాక్టరు దగ్గర ముందుబల్ల మీద వచ్చినవాళ్ళ పేర్లు రాసుకునే ఉద్యోగం. ఆటలో మేడ మీది కిటికీ దగ్గర కాపలా ఉంటుంది, చీమ చిటుక్కుమన్నా చెబుతుంది. వాళ్ళకి తమ్ముడు పోయినట్టు తెలియదు. వడ్రంగి చెప్పలేదు. మైకు పాడైందని ఒంటివేలితో అక్షరాలు కొట్టాడు. వాళ్ళు నమ్మారు.

ఆ ఉదయం ఇద్దరూ తిండి వెతకడానికి ఆటలోని లారీ వేసుకుని పోయారు.

"మామా, ఇక్కడ బీరువా కూడా ఖాళీ. ముందే ఎవరో ఊడ్చేశారు."

"ఊడ్చి చీపురు కూడా పట్టుకుపోయారు చూడు. తుమ్మూ, ఉన్నావా? ఏం చేస్తున్నావురా?"

కిటికీ, అని కొట్టాడు వడ్రంగి.

"కిటికీ ఏంట్రా? అందులోంచి ఎవర్ని చూస్తున్నావు? వీధిలో ఉన్నవాళ్ళందరికీ సగం మొహాలే కదా."

"వీడు మైకు బాగుచేయించేలోపు నాకు పళ్ళూడిపోతాయి," అంది గుడ్లగూబ.

"పళ్ళ డాక్టరు దగ్గరుండి నీకా బాధేంటే."

కింది గదిలో వీధివైపు కిటికీకి తమ్ముడు కొట్టిన చెక్కలున్నాయి. నాలుగూ నాలుగు దారులు. మధ్యలో వేలు దూరే సందు. రోజూ లోపలికి రాగానే ముందు అవే కంట్లో నలుసులా పడతాయి. పనివాడు చూస్తే నవ్వుతాడు. ఇవాళ తీరిక ఉంది. సరిచేద్దామనుకున్నాడు.

పని తెలిసినవాడు పాత చెక్క మీద కొత్త చెక్క కొట్టడు. ముందు పాతవి ఊడదీస్తాడు, మేకులు లాగుతాడు, చట్రం శుభ్రం చేస్తాడు, ఆ తర్వాతే కొత్తది. వడ్రంగి నాలుగు చెక్కలూ ఊడదీయించాడు. కిటికీ బోసిపోయింది. అప్పుడు సుత్తి పట్టించాడు.

తుమ్ముకి చుట్టాలొస్తారని అతనికి తెలుసు. తుమ్ము వచ్చేలా ఉందంటే ఆ మనిషిని దుప్పటి కిందకి తోసేవాడు. సుత్తి సంగతి మాత్రం తట్టలేదు. ముప్పై ఏళ్ళుగా చెవిలో మోగుతున్న సుత్తి అతనికి చప్పుడే కాదు.

"మామా, ఆ ఠక్ఠక్ ఏంటి?" అంది గుడ్లగూబ. లారీ అప్పటికి వీధి మొదట్లోకి వచ్చింది. "తుమ్మూ, సుత్తి ఆపు. ఆపరా బాబూ. వీధి వీధంతా నీ వైపే తిరుగుతోంది."

ఆపాడు. అప్పటికే బోసి కిటికీలోంచి ఒక చెయ్యి వచ్చింది. దాని వెనక ఇంకో చెయ్యి. మీటలన్నీ ఒక్కసారి మరిచిపోయాడు. పసుపు కోటు మనిషి సుత్తి పట్టుకుని, కిటికీ ముందు, చెప్పే దిక్కులేక నిలబడ్డాడు. లారీ మామ బండితో గుద్దుకుంటూ వచ్చేసరికి కథ అయిపోయింది. తెర పక్కన మనిషి ఒంటి బొమ్మ ఉంటుంది. ఎడమ మోచేతి కింద ఎర్రటి మచ్చ, దాని పక్కన ఒకే మాట. కాటు.

"గీరుకుందా, కరిచిందా?" అడిగాడు మామ.

కాటు, అని కొట్టాడు వడ్రంగి.

"ఛ. ఇన్నేళ్ళ మనిషి." మామ నాలుక చప్పరించాడు. "సరేలే. ఇంటి తాళాలు నాకిచ్చి, పెరట్లోకి పోయి కూర్చో. లోపల లేచావంటే మా కొంప ముంచుతావు."

మందు లేదా, అని కొట్టాడు.

గుడ్లగూబ నవ్వింది. "ఇన్నాళ్ళు ఆడి మందు అడుగుతాడేంటి మామా వీడు? కాటుకి మందుంటే ఈ ఊళ్ళో ఇంతమంది ఎందుకు తిరుగుతారు?"

పసుపు కోటు మనిషి పెరట్లో వాననీళ్ళ పీపా పక్కన కూర్చున్నాడు. కాసేపటికి జ్వరం బొమ్మ వెలిగింది. ముందు పసుపు, తర్వాత నారింజ. వడ్రంగి నీళ్ళు తాగించాడు. ఒక డబ్బా తినిపించాడు. జ్వరం తగ్గదని తెలిసీ ఇంకో డబ్బా తినిపించాడు. ఆస్పత్రిలో మంచం పక్కన స్టూలు మీద కూడా ఇలాగే కూర్చున్నాడు, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నర్సు ఏమంటుందా అని చూస్తూ. బొమ్మ ఎర్రబడింది. మనిషి పక్కకి ఒరిగాడు. తెర నల్లబడి, కొత్త మనిషిని తయారుచేసుకుంటారా అని అడిగింది.

చేసుకున్నాడు. ఏమీ ఎంచుకోలేదు. ఆట ఇచ్చిన మొహం, ఆట ఇచ్చిన చొక్కా. నెత్తి మీద పేరుకి బదులు ఒక చుక్క. ఊరి చివర తేలి, మామ చెప్పిన దారిన నడిచి ఇల్లు చేరాడు.

పెరట్లో పసుపు కోటు లేచి తిరుగుతోంది. పీపా దగ్గర నుంచి కంచె దాకా పోతుంది, కంచెకి తగిలి వెనక్కి వస్తుంది. నెత్తి మీద ఇంకా పేరుంది. అప్పుడప్పుడూ తుమ్ముతోంది.

"పో, నిన్ను నువ్వే చంపుకుని నీ సంచి తీసుకో," అన్నాడు మామ. "నేనెప్పుడో చేశాను. తమాషాగా ఉంటుంది."

వడ్రంగి వేలు మీట మీద ఉంది. నొక్కలేదు. వెనక ఆవిరి, సబ్బు కలిసిన వాసన వచ్చింది. మరదలు పొద్దుటి డ్యూటీ దిగి వచ్చి గడప దగ్గర నిలబడి ఉంది.

"అది ఆయనేనా, బావగారూ?"

"ఆఁ."

"అలా తిరుగుతున్నారేం?"

"నేనే చేశానమ్మా. కిటికీ బాగుచేద్దామని."

ఆమె గడప దాటింది. చెప్పులు విడవడం మరిచిపోయింది. బల్ల పక్కన నిలబడి తెర చూసింది. "కోటు రంగు నేనే చెప్పాను," అంది. "దూరం నుంచైనా కనపడతారని."

వడ్రంగి చెవులకున్నది తీసి బల్ల మీద పెట్టి, గొంతులు ఆమెకి కూడా వినపడేలా పెంచాడు. తర్వాత మైకు మీట నొక్కాడు. ఇన్నాళ్ళలో అదే మొదటిసారి.

"అయ్యా, తుమ్ము లేడు," అన్నాడు. "వానల్లో జ్వరమొచ్చి పోయాడు. నేను వాళ్ళన్నని. వడ్రంగిని."

అటువైపు లారీ ఇంజను ఆగింది.

"అదేనా మైకు సంగతి," అంది గుడ్లగూబ మెల్లగా. "నేనేమో పళ్ళూడిపోతాయని..."

"ఊరుకోవే," అన్నాడు మామ. గొంతు సవరించుకున్నాడు. "పెద్దాయనా, మీరేం చేయొద్దు. నేను పెరడు చుట్టూ ఎత్తుగా కంచె కడతాను. వాడు లోపల తిరుగుతుంటాడు. ఎవరూ ముట్టుకోరు. ఆట ఉన్నన్నాళ్ళూ ఉంటాడు. ఏమంటారు?"

వడ్రంగి మరదలి వైపు చూశాడు. ఉంచేయమని అంటుందనుకున్నాడు. అంటే ఉంచేసేవాడు.

ఆమె మైకు దగ్గరికి వంగింది. "అన్నయ్యా, అలా లేచి తిరిగేవాళ్ళకి ఆకలేస్తుందా?"

"వాళ్ళకి ఉండేది అదొక్కటేనమ్మా," అన్నాడు మామ.

"తిండి పెడితే?"

"తీరదు తల్లీ."

పసుపు కోటు కంచెకి తగిలి వెనక్కి తిరిగింది. ఆమె దాన్ని ఆ చివర నుంచి ఈ చివరకి చూసింది.

"ఆయన ఆకలికి ఆగలేరు," అంది. "కంచె వద్దు బావగారూ."

వడ్రంగి తల ఊపాడు. కొత్త మనిషి చేత సుత్తి పట్టించాడు. ఈసారి మీటలేవీ మరిచిపోలేదు. దగ్గరికి నడిపించి, మేకు తల మీద కొట్టినట్టే కొట్టాడు. ఒక్క దెబ్బ చాలలేదు. కొత్త మనిషికి చేతిలో పనితనం లేదు. ఇంకొకటి కొట్టాడు. పేరు ఆరిపోయింది.

"కోటు తియ్యకండి," అంది ఆమె.

"తియ్యను."

సంచి తెరిస్తే అన్నీ డబ్బాలే. ఎప్పుడు ఆకలి బొమ్మ వెలుగుతుందోనని తానే కుక్కి పెట్టినవి. వాటినీ అలాగే ఉంచాడు. గుడ్లగూబ పార తెచ్చి ఇచ్చింది. గొయ్యి తవ్వాడు, పూడ్చాడు, ఊడదీసిన పాత చెక్కల్లో ఒకటి దాని తల దగ్గర పాతాడు. మామ మిగిలినవి తీసుకుని లోపలికి పోయి, ఆ బోసి కిటికీకి కొట్టాడు. మూడూ మూడు దారులు. సుత్తి చప్పుడుకి ఎవరొస్తారోనని గుడ్లగూబ మేడ మీదికి పోయి నిలబడింది. ఎవరూ రాలేదు. వడ్రంగి ఆ చెక్కల్ని చూశాడు. సందు అలాగే ఉంది. ముట్టుకోలేదు.

ఆమె వంటగదిలోకి పోయింది. కుళాయి తిప్పిన చప్పుడు, పొయ్యి వెలిగించిన చప్పుడు వినిపించాయి. కాసేపటికి ఉడికించిన బంగాళాదుంపలు, కోడిగుడ్లు, ఉప్పు డబ్బా పట్టుకుని వచ్చింది. హాల్లోకి పిలవలేదు. కీబోర్డు పక్కకి జరిపి కంచాలు అక్కడే పెట్టింది, తానొక స్టూలు లాక్కుంది. గుడ్డు పెంకు తీసి అతని కంచంలో వేసింది. తిన్నారా అని అడగలేదు.

తెర మీద మామ మనిషి, గుడ్లగూబ మనిషి, చుక్క పేరు మనిషి పీపా పక్కన కూర్చుని ఉన్నారు. ఎవరూ ఆట వదిలి పోలేదు. బల్ల మీద పెట్టిన దాంట్లోంచి సన్నగా, ఎక్కడో ఒక టిఫిను డబ్బా మూత తీసిన చప్పుడు వచ్చింది. ఇంకెక్కడో చెంచా గిన్నెకి తగిలింది. వడ్రంగి దుంప చిదిమి ఉప్పు చల్లుకున్నాడు. వేడిగా ఉంది. మోకాళ్ళు బల్లకి తగులుతుంటే కొంచెం వెనక్కి జరిగి, తింటూ ఉండిపోయాడు.