మూడు వందల పదహారు మంది చెప్పిన పరిశోధన

కోదాడ కల్యాణ మండపంలో ఆవిష్కరణ సభ నాడు ఆ పుస్తకం చేతికి రాగానే నేను మొదట వెతికింది నా పేరు. ఈ సంగతి ఒప్పుకోకుండా కథ చెప్పబోతే నాకూ ప్రొఫెసర్ సత్యనారాయణకూ తేడా ఏముంటుంది?

పందొమ్మిది వందల తొంభై రెండు, ఫిబ్రవరి. నేను సూర్యాపేటలో డిగ్రీ చివరి సంవత్సరం, విద్యార్థి సంఘంలో పని చేస్తున్నాను. ఆ పుస్తకం మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళ ఆయాసం, అదే దమ్ము జబ్బు మీద పరిశోధన. అట్ట మీద నలుగురు రచయితలు. మొదటి పేరు సత్యనారాయణది. రెండోది ఆయన భార్య ఆండాళుది. ఆమె హైదరాబాదులో లెక్చరర్, ప్రమోషన్‌కి ఒక పరిశోధన తక్కువ పడిందట. మూడోది ఆయన పై అధికారిది, వాళ్ళ పరిశోధన సంస్థ నుంచి ఏ కాగితం బయటికి వచ్చినా ఆయన పేరు ఉండాల్సిందేనట. నాలుగో పేరు చూసి నేను అట్టను మళ్ళీ ఒకసారి దగ్గరికి తెచ్చుకున్నాను. శ్రీనివాస్. మిల్లు ఓనరు శ్రీనివాస్! ఎవడి మిల్లు ఊకతో ఆడవాళ్ళు రక్తం కక్కుతున్నారో వాడే ఆ జబ్బు మీద పుస్తకానికి రచయిత.

ఆ పని నిజంగా చేసిన మనిషి హాలు వెనక టీ గ్లాసులు అందిస్తోంది. పేరు పుష్పాబాయి. వేములపల్లి దగ్గర తండాకు పెద్ద, అంటే నాయక్, గేమ్యా బిడ్డ. ఏడో తరగతి చదివింది. రెండేళ్ళు తండాలూ వాడలూ కాలినడకన తిరిగి మూడు వందల పదహారు మందిని అడిగి ఫారాలు నింపింది. నేను వాటికి హాస్టల్ గదిలో మంచి ప్రతులు రాశాను. "నీ పేరు కూడా వేయిస్తాను ధర్మా" అన్నాడు సారు. అందుకే రాశాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను. పుష్పక్కకు ఆయన ఏ ఆశా పెట్టలేదు, ఆమె అడగనూ లేదు. పుస్తకం చివర ఒక వాక్యం ఉంది: "సహకరించిన స్థానిక మహిళకు కృతజ్ఞతలు." స్థానిక మహిళ! రెండేళ్ళలో ఆమె పేరు ఆయనకు నోరు తిరగలేదు కాబోలు.

అంతకన్నా రోతైన సంగతి లోపలి పేజీల్లో ఉంది. సారు ఇచ్చిన ఫారంలో పన్నెండు ప్రశ్నలే: వయసు, కులం, పొయ్యి, ఇంట్లో చుట్ట పొగ, ఇలాంటివి. మొదటి నెలలోనే పుష్పక్క ఒకటి గమనించింది. కల్లంలో వడ్లు తిప్పే ఆడవాళ్ళకు దమ్ము లేదు, మిల్లు వెనక ఊక ఎగజిమ్మే గొట్టం దగ్గర బస్తాలు నింపేవాళ్ళకే ఉంది. స్కేలు పెట్టి ప్రతి ఫారం మీదా పదమూడో గడి గీసింది: 'మిల్లుల యాడ నిలబడ్తది?' సారు చూసి "భేష్" అన్నాడు. పుస్తకంలో ఆ గడి లేదు. ఈ ఆడవాళ్ళ జబ్బుకు కారణం పొయ్యి పొగ, చుట్ట పొగ అని తేల్చి పారేశారు.

సారు ప్రసంగం అయ్యాక చప్పట్లు మోగాయి. పుష్పక్క గ్లాసుల పళ్ళెం కింద పెట్టి ముందుకు నడిచింది.

"సార్, పదమూడో గడి యాడ వోయింది?"

సత్యనారాయణ నవ్వాడు. "అది శాస్త్రీయంగా నిలబడలేదమ్మా."

"నేను గీసినప్పుడు భేష్ అంటిరి. నన్ను ఒక్క మాట అడగకుంట ఎట్ల తీసేసిండ్రు?"

"చూడమ్మా, ఆలోచన, ప్రణాళిక, విశ్లేషణ చేసినవాళ్ళు రచయితలు. వివరాలు సేకరించడం ఒక శ్రమ. ఇల్లు కట్టిన మేస్త్రీ పేరు గడప మీద రాసుకుంటామా?"

"మరి శ్రీనివాస్ సేటు ఏం ఆలోచన జేసిండు సార్?"

"ఆయన సహకరించారు. మిమ్మల్ని మిల్లులోకి రానిచ్చారు."

"మమ్ముల రోజూ రానిస్తడు సార్. గేటు తీసి మరీ రానిస్తడు."

వెనక కూర్చున్న విద్యార్థులు ఘొల్లున నవ్వారు. శ్రీనివాస్ సైగ చేస్తే ఇద్దరు మనుషులు ఆమెను రెక్క పట్టి బయటికి తీసుకుపోయారు. నేను లేచి నిలబడ్డాను, మళ్ళీ కూర్చున్నాను. చదువుకున్నవాడి పిరికితనం అంటే అదే.

తిరుగు బస్సు మునగాల దాటాక పుష్పక్క అంది. "పద్నాలుగు నాడు మిర్యాలగూడల విచారణ ఉంది ధర్మా. ఊక గొట్టం సుట్టు గది కట్టాల్నా వద్దా అని ఫ్యాక్టరీల ఆఫీసరు తేలుస్తడు. ఈ పుస్తకం ముంగట వెట్టుకోనే తేలుస్తడు. బక్కమ్మ ఇంకో యేడు గాడ నిలబడితే బత్కదు."

బక్కమ్మ వేములపల్లి వాడ మనిషి. ఆరేళ్ళుగా ఆ గొట్టం దగ్గరే పని.

సోమవారం మిల్లులకు కరెంటు సెలవు. ఆ పగలు తండాలో నసాబ్ కూర్చుంది. నసాబ్ అంటే తండా పంచాయతీ. వాడ నుంచి బక్కమ్మతో పాటు ముప్పై మంది ఆడవాళ్ళు వచ్చారు. నసాబ్‌లో ఒక పద్ధతి ఉంది. మాట చెప్పేవాళ్ళు నిలబడి ముందు తమ పేరూ తండ్రి పేరూ చెప్పాలి. నాయక్ దాన్ని అందరికీ వినపడేలా తిరిగి చెబుతాడు. రేపు ఆ మాట తప్పయితే ఆ మనిషినే అడుగుతారు. పేరు చెప్పకుండా పలికిన మాటను లెక్కలోకి తీసుకోరు.

నేను నిలబడి పేరు చెప్పి, తెలివిగా మాట్లాడాననుకున్నాను. "హైదరాబాదుకు లెటర్ రాద్దం. అక్క పేరు, నా పేరు గూడ రచయితలల్ల చేర్చాలె అని అడుగుదం."

పుష్పక్క నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

"థూ! చుట్టలు తాగి సస్తున్నరని రాసిన పుస్తకానికి ఐదో పేరు నాదా? అబద్ధం కింద నా పేరెందుకుర? నాకు పేరు గాదు గావాల్సింది. నా మాట ఎందుకు తిప్పిండ్రో జెప్పాలె. పేరు వెట్టుకున్నోళ్ళు జవాబు గూడ జెప్పాలె గద!"

గేమ్యా గొంతు సవరించుకున్నాడు. "బిడ్డా, కూసో. ఆడోళ్ళ మాట మగోడు నిలబడి జెప్తడు. నసాబ్‌ల ఎప్పటిసంది గంతే. విచారణల గూడ నేనే జెప్త."

"మా మాట నువ్వు జెప్పుడు, నీ మాట సారు జెప్పుడు. గందుకే ఇంత దూరమొచ్చింది బాపూ. విచారణల ఎవ్వల మాట వాళ్ళే పేరు వెట్టి జెప్పాలె."

ముసలాయన ముఖం ఎర్రబడింది. అప్పుడు బక్కమ్మ దగ్గుకుంటూ లేచింది. దగ్గు ఆగేదాకా అందరం ఆగాం.

"పుష్పా, పేరు రాయనంటివి, నంబరే అంటివి. గందుకే గద జెప్తిమి? ఇప్పుడు పేరు జెప్పుమంటే పని పోతది. ఇంట్ల పిల్లలున్నరు."

నిజమే. ఓనరుకు తెలిస్తే పనిలోంచి తీసేస్తాడని ఫారాల మీద పేర్లు రాయలేదు. ఎవరి నంబరు వాళ్ళకు తెలుసు, అందరివీ పుష్పక్క మనసులో ఉన్నాయి, కాగితం మీద ఎక్కడా లేవు. మిత్రులారా, ఇక్కడ ఆగి ఆలోచించండి. వాళ్ళు పేరు పెట్టుకుంటే ప్రమోషన్ వస్తుంది. మనం పేరు చెబితే పని పోతుంది. మరి మాటకు ఎవరు ఎక్కువ ఖరీదు చెల్లించినట్టు?

"మాటిచ్చిన, తప్ప. ఎవ్వల నంబరూ జెప్ప" అంది పుష్పక్క. "నా పేరు ఒక్కటే జెప్త. తక్కినోళ్ళది వాళ్ళ ఇష్టం. రానోళ్ళను ఎవ్వలన్న ఒక్క మాటన్నా నేనూకోను."

బక్కమ్మ దగ్గుతూనే కూర్చుంది. చివరికి గేమ్యా లేచి, నసాబ్‌లో మొట్టమొదటిసారి, ఒక ఆడమనిషి మాటను ఆమె పేరుతో తిరిగి చెప్పాడు. "గేమ్యా బిడ్డ పుష్పాబాయి అంటున్నది, వినుండ్రి."

పద్నాలుగో తారీఖు మిర్యాలగూడలో విచారణకు వచ్చిన అధికారి బల్ల మీద ఆ పుస్తకం ఉంది. ఒక పక్క సత్యనారాయణ, ఇంకో పక్క శ్రీనివాస్. ఎదురుగా గుమ్మం బయటిదాకా జనం.

"శాస్త్రీయ ఆధారం ఇది" అన్నాడు అధికారి. "మీ దగ్గర ఏముంది?"

పుష్పక్క నిలబడి తన పేరూ తండ్రి పేరూ చెప్పింది. "ఫారాలు నింపింది నేను. పుస్తకం ఎనక నంబర్ల పట్టీ ఉంది. ఎనభై ఏడో నంబరు ఎవ్వలో సారును అడుగుండ్రి."

సత్యనారాయణ కళ్ళజోడు సర్దుకున్నాడు. "అది గోప్యం. చెప్పకూడదు."

"చెప్పకూడదా, తెల్వదా?"

ఆయన ఒక్క ఇంటి గడప కూడా తొక్కలేదు, ఎలా తెలుస్తుంది?

జనంలో దగ్గు వినపడింది. బక్కమ్మ తోసుకుంటూ ముందుకు వచ్చింది. "ఎనభై ఏడు నేనే. బక్కమ్మ. ఊక గొట్టం కాడ ఆరేండ్లు."

అధికారి పట్టీ తిప్పాడు. "ఇంట్లో చుట్ట పొగ ఉందని రాశారు."

"తాగేది నా మొగడు సార్. ఆయనకు దగ్గే లేదు."

ఆ మాటతో కట్ట తెగింది. నూట రెండు నేను, మంగమ్మ. పద్దెనిమిది నేను, గౌరీబాయి. ఒక్కొక్కరూ లేచి నంబరు, పేరు, నిలబడే చోటు చెబుతున్నారు. అధికారి వేలు పట్టీ మీద పరిగెత్తుతోంది. "ఇది పరిశోధన నీతికి విరుద్ధం!" అని సత్యనారాయణ అరిచాడు. నీతి! శ్రీనివాస్ పేరు అట్ట మీద వేసినప్పుడు ఆ నీతి ఎక్కడ పడుకుందో! అధికారి విచారణ వాయిదా వేసి జీపెక్కాడు. ఆనాడు లేచి చెప్పినవాళ్ళు నలభై ఒక్కమంది.

మర్నాడు పొద్దున ఆ నలభై ఒక్కమందినీ శ్రీనివాస్ మిల్లు గేటు దగ్గరే ఆపేశారు. లోపలికి పోవలసిన మిగతావాళ్ళు అక్కడే నిలబడిపోయారు. పోవద్దని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. పుష్పక్క చెబుతుంటే నేను రాసి, మా విద్యార్థి సంఘం అచ్చు వేయించిన కరపత్రం గేటు దగ్గర చేతులు మారుతోంది. అందులో ఉన్నది పదమూడో గడి లెక్కే: ఊక దగ్గర ఎంతమంది, వాళ్ళలో దమ్ము ఎంతమందికి, కల్లంలో ఎంతమంది, వాళ్ళలో ఎంతమందికి. అంతే. చుట్టాల పేర్లు, పై అధికారుల పేర్లు ఏమీ లేవు.

పదకొండింటికి పోలీసు వ్యాన్ వచ్చింది. ఎస్సై కరపత్రం ఊపాడు. "ఎవడ్రా దీన్ని రాసింది? రాసినోడు ఒక్కడు ముందుకు రావాలి. తక్కినోళ్ళు పనికి పోండి."

పుస్తకం అచ్చయినప్పుడు దాని రచయితల్ని ఎవరూ ఇలా పిలవలేదు. నేను అడుగు ముందుకు వేశాను. నాకన్నా ముందే పుష్పక్క వ్యాన్ మెట్టు మీద కాలు పెట్టింది.

"నేను అడిగిన. ఈళ్ళు జెప్పిండ్రు. ధర్మా రాసిండు. ఒక్కన్ని ఎట్ల తీస్తవ్ సార్? రాసుకో అందరిని."

బక్కమ్మ ఆమె వెనక నిలబడింది. బక్కమ్మ వెనక మంగమ్మ. వరస గేటు నుంచి రోడ్డు దాకా పెరిగింది. కానిస్టేబులు కాగితం మోకాలి మీద పెట్టుకుని పేర్లు రాయడం మొదలుపెట్టాడు. అంతకు ముందు ఒక్క కాగితమూ వాళ్ళ పేర్లు రాయలేదు, కేసు కాగితం రాసింది. యాభై పేర్లయ్యేసరికి కాగితాలు అయిపోయాయి. ఎస్సై తిట్టుకుంటూ స్టేషన్‌కు మనిషిని పంపాడు. వరస కదల్లేదు.

అప్పుడు మిల్లు లోపలి నుంచి బస్తా మోసే బీరయ్య బయటికి వచ్చాడు. భుజం మీద గోనెపట్టా తీసి నేల మీద పడేశాడు. పరిశోధన ఆడవాళ్ళ మీదే కాబట్టి హమాలీలను ఎవరూ ఏమీ అడగలేదు, వాళ్ళకు నంబర్లు లేవు. అతని వెనక ఇంకో ఇరవై మంది హమాలీలు వచ్చారు. లోపల మిషన్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

బీరయ్య వరస చివర నిలబడి కానిస్టేబులును కేకేశాడు.

"కాగితాలు జర ఎక్కువ తెప్పియ్ సార్. మమ్ముల ఎవ్వలూ అడగలే. ఇయ్యాల మేమే జెప్తున్నం, రాసుకో."