బందరు దాకా పోని ప్రయాణం

డిసెంబరు మూడో వారంలో ఒక ఉదయం దిగువమెట్ట స్టేషన్ మాస్టరు ప్రకాశరావు, కీమాన్ పుల్లయ్యను పిలిపించాడు.

“ఏం పుల్లయ్యా, ఈ ఏడాది పాసు ఇంకా తీసుకోలేదేం? ముప్పయ్యొకటి దాటితే మురిగిపోతుంది. ఎక్కడికి రాయమంటావు?”

పుల్లయ్యకు నలభై ఆరేళ్లు. ఇరవై రెండేళ్లుగా రైలు పట్టాలే అతని బతుకు. తెల్లవారగానే భుజాన సుత్తి, చంకలో రెండు జెండాలు పెట్టుకుని నల్లమల అడవిలో నాలుగు మైళ్లు నడుస్తాడు. పట్టాలను పట్టి ఉంచే చీలలు వదులైతే బిగగొడతాడు. మళ్లీ నాలుగు మైళ్లు వెనక్కి వస్తాడు. ఏడాదికొకసారి ఇంటిల్లిపాదీ ఊరికే రైలెక్కి పోయిరావడానికి పాసు ఇస్తారు. ఆ పాసును అతను ఎన్నడూ వదులుకోలేదు. ఏడాది చివరి వారం పుల్లయ్య ఇంటికి తాళమే అని పట్టాల పనివాళ్లుండే గ్యాంగు ఇళ్లలో అందరికీ తెలుసు.

“బందరు రాయండయ్యా,” అన్నాడు. ఆ మాట నోట్లో పోయినేటి నుంచీ ఉంది. అదే బయటికి వచ్చింది.

“పిల్లలెందరు?”

“ముగ్గురు.”

ప్రకాశరావు దసరా తర్వాత బదిలీ మీద వచ్చినవాడు. చెప్పింది చెప్పినట్టే రాసి ఇచ్చాడు. స్టేషన్ దాటి వేపచెట్టు కిందికి వచ్చాక గానీ తాను ఏం చెప్పాడో పుల్లయ్యకు తట్టలేదు. వెనక్కి వెళ్లి దిద్దించాలని అనిపించలేదు. దిద్దించకూడదనీ అనిపించలేదు. కాగితాన్ని మడిచి తలపాగాలో పెట్టుకుని పనిలోకి పోయాడు.

అతని నడిపి బిడ్డ పోలేరమ్మ భాద్రపదంలో పోయింది. పదకొండేళ్ల పిల్ల. ఇంట్లో అందరూ పోలి అనేవాళ్లు.

అడవిలో చలిజ్వరం కొత్తది కాదు. ప్రతి వానాకాలం ఇంటికొకరు పడతారు, క్వినైన్ మింగి లేస్తారు. పోలి నాలుగు రోజులు పడుకుంది. అయిదో రోజు మధ్యాహ్నానికి మనుషుల్ని గుర్తుపట్టడం మానేసింది. నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోవాలన్నారు. నంద్యాల వైపు పాసింజరు ఇక మర్నాడు పొద్దున్నే. ఈలోగా అటే పోయే గూడ్సు ఒకటి వచ్చింది. అది దిగువమెట్టలో ఆగదు. పుల్లయ్య తన ఇంటికి యాభై గజాల దూరంలో, పట్టాల పక్కన నిలబడి ఉన్నాడు. ఎర్రజెండా చూపితే బండి ఆగుతుంది. పట్టా విరిగితేనో, బండరాయి దొర్లి పడితేనో తప్ప ఎర్రజెండా చూపకూడదు. ఇరవై రెండేళ్లలో అతను ఒక్కసారే, నిజంగా పట్టా చీలినప్పుడు, చూపాడు. ఇంజను దగ్గరికి వచ్చింది. అతని చెయ్యి ఎప్పటిలాగే పచ్చజెండా పైకెత్తింది. పెట్టెలన్నీ ఒకదాని వెనక ఒకటి పోయాయి. చివరి పెట్టెలో గార్డు కూడా పచ్చజెండా ఊపాడు.

మర్నాడు పాసింజరు రాకముందే పోలి పోయింది.

ఆ తర్వాత పుల్లయ్య ఒక్క రోజు సెలవు పెట్టాడు. ఏడవలేదు. ఏడుపు వస్తుందేమోనని కొన్నాళ్లు చూశాడు, రాలేదు. చూడటం కూడా మానేశాడు. ఇంట్లో భార్య కొండమ్మ కూడు పెట్టేది, తినేవాడు. ఏం తిన్నాడో అడిగితే చెప్పలేడు. ఆమె అతనితో మాట్లాడటం తగ్గించింది. ఆ రోజు గడపలో నిలబడి అంతా చూసింది కదా, ఎన్నడో ఒకనాడు అడుగుతుంది అనుకున్నాడు. ఆమె అడగలేదు.

పాసు సంగతి చెప్పినప్పుడు కొండమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. “పోవాల్నా?” అంది.

“మురిగిపోతాదంట.”

“సరే అయితే,” అని పొయ్యిలో కట్టె ఎగదోసింది.

ఇరవై ఎనిమిదో తేదీ పొద్దున గుంటూరు వైపు పాసింజరు ఎక్కారు. పదమూడేళ్ల యల్లయ్య తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆరేళ్ల మల్లమ్మ కిటికీ పక్కన చేరింది. కొండమ్మ సద్దిమూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పుల్లయ్య ఎదుటి బల్ల మీద కూర్చుని, ఇటువంటి ప్రయాణాలు ఎన్ని చేశారో లెక్కపెట్టబోయాడు. పెళ్లయిన కొత్తలో గుంతకల్లు పోయారు. అక్కడ స్టేషన్‌లో అన్ని దీపాలు ఒక్కచోట చూసి కొండమ్మ, ఇంత నూనె ఎవరు పోస్తారని అడిగింది. యల్లయ్య చంకపిల్లగా ఉన్నప్పుడు నంద్యాల. ఇంకో ఏడు వినుకొండలో కొండమ్మ అక్క ఇంటికి. అక్కడ గేదె పొడిచి పుల్లయ్యకు చెయ్యి వాచింది. పోయినేడు బెజవాడ. వంతెన మీద రైలు పోతుంటే పోలి కిటికీ ఊచలు పట్టుకుని, “ఈ నీళ్లన్నీ యాడికి పోతాయి నాయనా?” అని అడిగింది. బందరు దగ్గర సముద్రంలో కలుస్తాయన్నాడు. “అయితే వచ్చే ఏడు ఆడికి పోదాం,” అంది. సరే అన్నాడు.

అన్నీ గుర్తున్నాయి. ఎవరో చెప్పగా విన్నట్టు గుర్తున్నాయి.

గిద్దలూరు దాటాక టిక్కెట్లు చూసే ఉద్యోగి వచ్చాడు. నల్లకోటు వేసుకున్న ముసలాయన. పాసు విప్పి చదివి, మనుషుల్ని చూశాడు.

“ముగ్గురు పిల్లలని ఉంది. మూడో పిల్ల ఏది?”

“రాలేదయ్యా,” అన్నాడు పుల్లయ్య.

“ఎక్కడో దిగిందా? ఏ పెట్టెలోనన్నా ఉందా?”

“లేదయ్యా. రాలేదు.”

మల్లమ్మ కిటికీ నుంచి తల తిప్పింది. “మా అక్క చచ్చిపోయింది. జరమొచ్చి,” అంది.

ముసలాయన పాసును ఉన్న మడతల్లోనే మడిచి పుల్లయ్య చేతిలో పెట్టాడు. పక్క బల్ల దగ్గరికి పోయాడు. పెట్టెలో వాళ్లు ఇటు చూశారు. కొండమ్మ తల వంచుకుని సద్దిమూట ముడి విప్పింది, మళ్లీ వేసింది.

కంభం స్టేషన్‌లో బండి ఆగగానే ఆమె లేచి నిలబడింది.

“దిగుదాం.”

“ఈడనా? బందరు ఇంకా యాడుందో.”

“నాకు సముద్రం చూడాలని లేదు. ఆ పిల్ల చూస్తానన్నది నేను చూడలేను. ఈడ పెద్ద చెరువు ఉందంట గదా. పిల్లలు చూస్తారు. దిగు.”

ఇన్ని మాటలు ఆమె ఒక్కసారి మాట్లాడి నాలుగు నెలలైంది. పుల్లయ్య మూట ఎత్తుకుని దిగాడు. యల్లయ్య మొహం ముడుచుకున్నాడు గానీ ఎదురు చెప్పలేదు.

ఒంటెద్దు బండి మీద చెరువుకట్ట దగ్గరికి చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. రెండు కొండల నడుమ కట్ట, ఆ వెనక కనుచూపు మేర నీళ్లు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. నీళ్ల మీద నల్లబాతులు చుక్కల్లా కనిపించాయి. మల్లమ్మ, “ఇదేనా నాయనా సముద్రం?” అని అడిగింది. యల్లయ్య నవ్వి, “చెరువే పిచ్చిదానా,” అని చెల్లెలి చెయ్యి పట్టుకుని కట్ట మీద ముందుకు పోయాడు.

పెద్దవాళ్లిద్దరూ రాతికట్ట మీద కూర్చున్నారు. గాలి చల్లగా ఉంది. మాట్లాడాలని పుల్లయ్య అనుకోలేదు. మాట దానంతటదే వచ్చింది.

“ఆ పొద్దు గూడ్సుకు పచ్చజెండా చూపినాను.”

కొండమ్మ నీళ్లవైపే చూస్తూ, “చూసినాను,” అంది.

“ఎర్రది చంకలోనే ఉండింది.”

“అదీ చూసినాను.”

“మరి ఇన్నాళ్లూ అడగలేదేంది?”

“ఏమని అడిగేది? నేను గడపలో ఊరికే నిలబడి ఉంటి గదా. బిడ్డను భుజానేసుకొని పట్టాలకు అడ్డం పోయి ఉంటే, డ్రైవరు ఆపకుండా పోతాడా? కాళ్లు కదలలేదు. రైలుకు అడ్డం పోకూడదని మనకు తెలుసు గదా. అదే తెలుసు. నేను పోనిదాన్ని, నిన్నేమని అడుగుదును?”

పుల్లయ్య ఆమె వైపు చూశాడు. ఆమె మాట్లాడకపోవడం తన మీద కోపమని ఇన్నాళ్లూ అనుకున్నాడు. అది కాదని తెలిశాక గుండె తేలికవుతుందేమో అనిపించింది. కాలేదు. బరువూ పెరగలేదు. రాతి మీద అరచెయ్యి ఆనించి ఉన్నాడు. ఆ రాయి ఎండకు వెచ్చగా ఉందని మాత్రం తెలిసింది.

“ఆపి ఉంటే బతికేదో లేదో,” అన్నాడు.

“ఎవరికి తెలుసు? అది అనుకోవద్దు. నేనూ అనుకోను.” ఆమె చీరచెంగుతో కళ్లు తుడుచుకుంది. “అనుకోకుండా ఉండలేం గానీ.”

పిల్లలు తిరిగి వచ్చారు. కొండమ్మ మూట విప్పింది. జొన్నరొట్టెలు, చింతపండు పచ్చడి, నాలుగు ఉల్లిగడ్డలు. పుల్లయ్య రెండు రొట్టెలు తిని మూడోది అడిగాడు. పచ్చడి కారం ఎక్కువగా ఉందన్నాడు. “ఎప్పుడూ ఇంతే ఏస్తాను,” అంది కొండమ్మ. “నీకు ఈ పొద్దు తెలిసింది.”

కంభంలో ఒక సత్రంలో మూడు రోజులు ఉన్నారు. పగలు చెరువు దగ్గరికి పోయారు, సంతలో తిరిగారు. యల్లయ్యకు ఈత నేర్పిస్తానని పుల్లయ్య ఒడ్డున మోకాలి లోతులో దిగాడు. వాడు ఒక గంట కొట్టుకుని, చలికి వణుకుతూ బయటికి వచ్చాడు. గొప్ప సంతోషమేమీ కాదు. ఇంతకుముందు ప్రయాణాల్లో ఎట్ల ఉండేవారో అట్ల లేరు. ఉండాలని ఎవరూ ప్రయత్నించలేదు. అదొక్కటి సులువుగా ఉంది.

ముప్పయ్యొకటో తేదీ సాయంత్రానికి ఇల్లు చేరారు. పక్కింటి గంగయ్యకు అప్పగించి పోయిన మేకల్ని అతను తోలుకొస్తే కొండమ్మ కట్టేసింది. మర్నాడు పొద్దున పుల్లయ్య పనిలోకి బయలుదేరుతుంటే ఆమె గంప పట్టుకుని వెంట నడిచింది. కట్టెలకు వస్తున్నానంది. మొదటి మలుపు దాకా ఇద్దరూ పట్టాల పక్కన నడిచారు.

“ఈ అడవి వద్దు మనకు,” అంది. “మల్లికి మళ్లీ వానాకాలం ఈడ వద్దు. బదిలీ అడుగు.”

“ఇస్తారో ఇయ్యరో.”

“అడుగు ముందు.”

ఆ వారమే ప్రకాశరావు చేత అర్జీ రాయించాడు. రెండుసార్లు తిరిగి వచ్చింది. మూడోసారి, చైత్రం పోయాక, మార్కాపురం రోడ్డు స్టేషన్‌కు ఉత్తర్వు వచ్చింది. కొత్త ఇంటి చుట్టూ చెట్టన్నది లేదు. నేలంతా పలకరాయి. ఎండలో కళ్లు మిరుమిట్లు గొలిపేది. దోమలు తక్కువ. మల్లమ్మను బడిలో వేశారు. యల్లయ్య పలకల గనిలో పనికి పోతానన్నాడు. వచ్చే ఏడు చూద్దాంలే అన్నాడు పుల్లయ్య.

ఆ ఆషాఢంలో ఒక మధ్యాహ్నం పని నుంచి వచ్చి అరుగు మీద పడుకున్నాడు. వాన మొదలైంది. లోపల కొండమ్మ ఎవరితోనో జొన్నల ధర గురించి గట్టిగా వాదిస్తోంది. ఆ గొంతు వింటూ చాలాసేపు కళ్లు మూసుకుని పడుకున్నాడు. కాసేపటికి, ఎందుకో తెలియకుండా, కంటినీళ్లు చెవుల్లోకి కారాయి. తుడుచుకోలేదు.